బయట తగిలించే డీవీడీ రైటర్‌ను కంప్యూటర్ మరొకటిగా చూపిస్తే: తరచుగా అడిగే ప్రశ్నలు

ల్యాప్‌టాప్‌లలో డిస్కు ట్రే కనబడకుండా పోయి చాలా ఏళ్లయింది. అయినా పాత పెళ్లి వీడియోలు, స్కానింగ్ సెంటర్లు ఇచ్చే ఎంఆర్‌ఐ సీడీలు, కోర్టులో దాఖలు చేయాల్సిన సీసీటీవీ దృశ్యాలు ఇప్పటికీ డిస్కుల మీదే చేతులు మారుతున్నాయి కాబట్టి, యూఎస్‌బీ కేబుల్‌తో తగిలించుకునే డీవీడీ రైటర్ ఒకటి చాలామంది సొరుగులో ఉంటూనే ఉంది. ఆరు నెలలకోసారి దాన్ని బయటికి తీసి తగిలించినప్పుడు, కంప్యూటర్ దాన్ని మామూలు సీడీ డ్రైవ్ అనో, రిమూవబుల్ డిస్కు అనో, ఏమిటో తెలియని పరికరమనో చూపిస్తే ఏం చేయాలన్నదే ఈ పేజీలోని విషయం. ఎక్కువ భాగం విండోస్ 10, 11 లను దృష్టిలో పెట్టుకుని రాసినది. మ్యాక్, లినక్స్ వాడేవారి ప్రశ్నలు చివర్లో ఉన్నాయి.

తగిలించినది రైటర్ అని కంప్యూటర్‌కు అసలు ఎలా తెలుస్తుంది?

కంప్యూటర్ తనంతట తాను దేన్నీ పోల్చుకోదు. తగిలించిన పరికరాన్ని అడుగుతుంది, అది చెప్పిన జవాబునే మనకు చూపిస్తుంది. ఈ అడగడం మూడు విడతలుగా జరుగుతుంది. మొదటి విడతలో అది ఏ తరగతి పరికరమో యూఎస్‌బీ వ్యవస్థ అడుగుతుంది. పెన్‌డ్రైవ్, హార్డ్ డిస్కు, రైటర్ మూడూ ‘మాస్ స్టోరేజ్’ అనే ఒకే జవాబు ఇస్తాయి కాబట్టి, ఇక్కడ వాటి మధ్య తేడా తెలియదు. రెండో విడతలో ‘ఇంక్వైరీ’ అనే ఆదేశం వెళ్తుంది. దానికి వచ్చే జవాబులో మొదటి బైటే కీలకం: అందులోని పరికరం రకం 0 అయితే అది డిస్కు, 5 అయితే సీడీ లేదా డీవీడీ డ్రైవ్. తయారీదారు పేరు 8 అక్షరాల్లో, మోడల్ పేరు 16 అక్షరాల్లో, ఫర్మ్‌వేర్ (డ్రైవ్ లోపలే ఉండి దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్) సంఖ్య 4 అక్షరాల్లో వచ్చేది కూడా ఈ జవాబులోనే. మూడో విడతలో ‘గెట్ కాన్ఫిగరేషన్’ అనే ఆదేశం వెళ్తే, డ్రైవ్ తాను చదవగలిగే, రాయగలిగే డిస్కుల రకాలన్నిటినీ ప్రొఫైళ్ల జాబితాగా ఇస్తుంది. రైటర్ అన్న హోదా దక్కేది ఈ మూడో జవాబు సరిగా అందినప్పుడే.

ఇందులో మధ్యవర్తి ఒకటి ఉంది. పెట్టె లోపల ఉన్న డ్రైవ్ సాధారణంగా ల్యాప్‌టాప్‌లో బిగించే, సాటా అనే లోపలి కనెక్షన్‌తో పనిచేసే డ్రైవే. దానికి యూఎస్‌బీ భాష రాదు. లోపలి చిన్న సర్క్యూట్ బోర్డు మీద ఉండే బ్రిడ్జ్ చిప్ ఇటు మాట అటు, అటు మాట ఇటు అనువదిస్తుంది. కనుక రైటర్ వేరొకటిగా కనబడుతోందంటే, ఈ మూడు జవాబుల్లో ఏదో ఒకటి అందలేదు, లేదా సగంలో తెగిపోయింది, లేదా సరిగానే అందినా కంప్యూటర్‌లోని మరో సాఫ్ట్‌వేర్ మధ్యలో దూరి దాన్ని పాడుచేసింది. ఎక్కడ తెగిందో తెలుసుకోకుండా ఎంత సేపు సెట్టింగులు మార్చినా ఫలితం ఉండదు.

మొట్టమొదట ఎక్కడ చూడాలి?

ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో కాదు, డివైస్ మేనేజర్‌లో. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేస్తే వచ్చే జాబితాలో అది ఉంటుంది. దాన్ని తెరిచి పెట్టుకుని రైటర్ కేబుల్‌ను ఒకసారి పీకి మళ్లీ తగిలించి, జాబితాలో ఏ శీర్షిక కింద కొత్త పేరు చేరుతోందో గమనించండి.

‘డీవీడీ/సీడీ-రోమ్ డ్రైవ్స్’ కింద చేరితే మొదటి రెండు విడతలు సవ్యంగా జరిగాయని అర్థం. లోపం డ్రైవర్లలోనో, పైనున్న సాఫ్ట్‌వేర్‌లోనో, డిస్కులోనో ఉంది. ‘డిస్క్ డ్రైవ్స్’ కింద చేరితే పరికరం తానే డిస్కునని చెప్పుకుంటోంది. దీని కారణాన్ని కింద వేరే ప్రశ్నలో చూడండి. ‘యూనివర్సల్ సీరియల్ బస్ కంట్రోలర్స్’ కింద ‘అన్‌నోన్ యూఎస్‌బీ డివైస్’ అని వచ్చి, పక్కన ‘డివైస్ డిస్క్రిప్టర్ రిక్వెస్ట్ ఫెయిల్డ్’ అని ఉంటే మొదటి ప్రశ్నకే జవాబు రాలేదు. దీనితో పాటు కోడ్ 43 కనిపిస్తుంది. ఇలాంటప్పుడు ఇంటర్నెట్‌లో డ్రైవర్ కోసం వెతకడం వృథా. కేబుల్, పోర్టు, కరెంటు, బ్రిడ్జ్ చిప్, వీటిలోనే తప్పు ఉంటుంది.

ఇంకొంచెం లోతుగా చూడాలంటే ఆ పేరు మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో డీటెయిల్స్ అనే ట్యాబ్‌కు వెళ్లి, పైనున్న జాబితాలో ‘హార్డ్‌వేర్ ఐడీస్’ ఎంచుకోండి. అక్కడి మొదటి వరుసలో ‘యూఎస్‌బీస్టోర్’ అన్న మాట వెంటనే ‘సీడీరోమ్’ అని ఉందా, ‘డిస్క్’ అని ఉందా అన్నది చూస్తే చాలు. ఎక్స్‌ప్లోరర్‌లో కనిపించే పేరు మారుతూ ఉంటుంది గానీ ఈ వరుస మాత్రం రైటర్ ఇచ్చిన జవాబును ఉన్నదున్నట్టు చూపిస్తుంది.

పెట్టె మీద ఒక కంపెనీ పేరుంటే, డివైస్ మేనేజర్‌లో ఇంకేదో పేరు వస్తోంది. నకిలీ వస్తువా?

కాకపోవచ్చు. లోపలి డ్రైవ్‌లను తయారుచేసిన సంస్థలు ప్రపంచం మొత్తం మీద కొన్నే. మిగిలినవి ఆ డ్రైవ్‌లను కొని తమ పెట్టెలో పెట్టి అమ్ముతాయి. ‘హెచ్‌ఎల్-డీటీ-ఎస్‌టీ’ అంటే హిటాచీ, ఎల్‌జీ కలిసి పెట్టిన డేటా స్టోరేజ్ సంస్థ. ‘టీఎస్‌ఎస్‌టీ కార్ప్’ తోషిబా, శాంసంగ్‌ల ఉమ్మడి సంస్థ. ‘మాట్షిటా’ అని కనిపిస్తే అది పానసోనిక్. ‘పీఎల్‌డీఎస్’ ఫిలిప్స్, లైట్-ఆన్‌లది, ‘స్లిమ్‌టైప్’ కూడా లైట్-ఆన్ కుటుంబానిదే. ఈ పేర్లు కనబడితే కంప్యూటర్ పొరబడలేదు, పెట్టె మీది స్టిక్కర్ కన్నా నిజాయితీగా మాట్లాడుతోందనుకోవాలి. ఫర్మ్‌వేర్ వెతకాల్సి వచ్చినా ఈ లోపలి పేరుతోనే వెతకాలి.

డిస్కు లేనప్పుడు సరిగా కనిపిస్తుంది, డిస్కు పెట్టగానే మాయమవుతుంది లేదా ‘సీడీ డ్రైవ్’ అని మారిపోతుంది. ఎందుకు?

కరెంటు చాలక. నాకు ఎదురైన ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం చివరికి ఇక్కడికే వచ్చి ఆగాయి కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

యూఎస్‌బీ 2.0 పోర్టు ప్రమాణం ప్రకారం ఇవ్వాల్సింది 500 మిల్లీ ఆంపియర్లు, 3.0 పోర్టు ఇవ్వాల్సింది 900. రైటర్‌ను తిరగేసి లేబుల్ చదవండి. 5 వోల్టుల పక్కన 1.5 ఆంపియర్లు లేదా అంతకన్నా ఎక్కువ అంకె ఉండడం మామూలే. ఖాళీగా ఉన్నప్పుడు లోపలి ఎలక్ట్రానిక్స్ మాత్రమే పనిచేస్తాయి. వాటికి పోర్టు ఇచ్చేది చాలు, అందుకే ఇంక్వైరీకి చక్కగా జవాబిస్తుంది. డిస్కు పడి మోటారు తిరగడం మొదలైన క్షణంలో కరెంటు అవసరం ఒక్కసారిగా పెరుగుతుంది. వోల్టేజీ పడిపోతుంది, బ్రిడ్జ్ చిప్ రీసెట్ అవుతుంది, కంప్యూటర్ దాన్ని పీకేశారనుకుంటుంది. మోటారు ఆగగానే మళ్లీ బతుకుతుంది, మళ్లీ పరిచయాలు మొదలవుతాయి, మళ్లీ మోటారు తిరుగుతుంది. ఈ గొడవలో ఒక్కోసారి రెండో జవాబు అందుతుంది, మూడోది అందదు. అప్పుడే రైటర్ కాస్తా ఉత్త ‘సీడీ డ్రైవ్’గా మిగులుతుంది.

నా బల్ల మీది డెస్క్‌టాప్‌లో ఇది ఎలా జరిగిందో చెబుతాను. ముందు వైపు పోర్టుకు రైటర్ తగిలించి ఖాళీ డీవీడీ పెట్టాను. పచ్చ లైటు రెండుసార్లు మెరిసింది, లోపల లెన్సు ముందుకూ వెనక్కూ జరిగిన టిక్ టిక్ శబ్దం వచ్చింది, డిస్కు గిర్రున తిరగబోయి నీరసించినట్టు ఆగింది, స్పీకర్లలో పరికరం ఊడినప్పుడు వచ్చే రెండు స్వరాలు వినబడ్డాయి. మూడు సెకన్లకు తగిలించినప్పటి స్వరాలు. మళ్లీ అదే వరస. డ్రైవ్ పోయిందని తీర్మానించుకుని కొత్తదాని ధరలు కూడా చూశాను. క్యాబినెట్ వెనక, నేరుగా మదర్‌బోర్డు మీద ఉన్న పోర్టుకు మార్చగానే అదే రైటర్ అదే డిస్కును ఏ పేచీ లేకుండా రాసింది. ముందు పోర్టులకు క్యాబినెట్ లోపల సన్నని తీగలు మూరెడు దూరం నడిచి వస్తాయి. ఆ దారిలోనే వోల్టేజీ కొంత ఖర్చయిపోతుంది.

కాబట్టి వరస ఇది. ముందు హబ్ (ఒక పోర్టును నాలుగైదుగా చేసే పరికరం) ఉంటే తీసేయండి. డెస్క్‌టాప్ అయితే వెనక పోర్టు వాడండి, ల్యాప్‌టాప్ అయితే చార్జర్ పెట్టి ఉంచండి. కేబుల్ పొట్టిదిగా, రైటర్‌తో వచ్చినదిగా ఉండాలి. ఫోను చార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే కేబుళ్లలో డేటా తీగలే ఉండవు కనుక వాటితో తగిలిస్తే లైటు వెలుగుతుంది, కంప్యూటర్‌లో మాత్రం ఏమీ రాదు. రెండు యూఎస్‌బీ తలలున్న వై కేబుల్ వచ్చి ఉంటే రెండో తలను కూడా తప్పక తగిలించండి, అది కరెంటు కోసమే. వీటితో కుదరకపోతే సొంత అడాప్టర్ ఉన్న హబ్ మంచి పరిష్కారం.

డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తుతో కోడ్ 19 గానీ 39 గానీ వస్తోంది. ఇది కూడా కరెంటు సమస్యేనా?

కాదు. ఇది కంప్యూటర్ లోపలి జబ్బు. డిస్కులు రాసే సాఫ్ట్‌వేర్లు, పాటల ప్లేయర్లు, వర్చువల్ డ్రైవ్ ప్రోగ్రాములు తమ ఫిల్టర్ డ్రైవర్లను (డ్రైవ్‌కు వెళ్లే ఆదేశాల మధ్యలో కూర్చునే చిన్న ప్రోగ్రాములను) విండోస్ సీడీ డ్రైవర్‌కు పైనా కిందా తగిలిస్తాయి. ఆ సాఫ్ట్‌వేర్‌ను తీసేశాక ఫైలు పోయి పేరు మాత్రం రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోటు) మిగిలితే, విండోస్ ఆ లేని ఫైలు కోసం వెతికి, దొరకక, సీడీ డ్రైవ్ మొత్తాన్నే నిలిపేస్తుంది. విండోస్‌ను పాత వెర్షన్ నుంచి కొత్తదానికి పెంచినప్పుడు కూడా ఇదే జరుగుతుంది.

చికిత్స ప్రసిద్ధమైనదే, అయితే చేతికి వణుకు లేకుండా చేయాలి. రిజిస్ట్రీ ఎడిటర్ తెరిచి హెచ్‌కీ లోకల్ మెషీన్, సిస్టమ్, కరెంట్‌కంట్రోల్‌సెట్, కంట్రోల్, క్లాస్ అనే వరుసలో దిగండి. అక్కడ మీసాల బ్రాకెట్లలో పొడవాటి సంఖ్యలతో చాలా ఫోల్డర్లుంటాయి. మనకు కావలసినది 4డి36ఇ965 తో మొదలయ్యేది. దాన్ని ఎంచుకుంటే కుడివైపు ‘డీవీడీ/సీడీ-రోమ్ డ్రైవ్స్’ అన్న వివరణ కనబడాలి. ముందుగా దాని మీద రైట్ క్లిక్ చేసి ఎక్స్‌పోర్ట్‌తో ఒక కాపీ దాచుకోండి. ఆ తర్వాత కుడివైపున ‘అప్పర్‌ఫిల్టర్స్’, ‘లోయర్‌ఫిల్టర్స్’ అనే పేర్లుంటే వాటిని తొలగించి కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేయండి. రెండింటిలో ఒకటే ఉండవచ్చు, రెండూ లేకపోవచ్చు. లేకపోతే ఇది మీ సమస్య కాదు.

ఒక హెచ్చరిక గట్టిగా చెప్పాలి. ఆ జాబితాలోనే 4డి36ఇ967 తో మొదలయ్యే మరో ఫోల్డర్ ఉంటుంది. తేడా ఒక్క అంకె. అది హార్డ్ డిస్కులది. అందులోని ఫిల్టర్లను తొలగిస్తే కంప్యూటర్ మళ్లీ బూట్ కాకపోవచ్చు. కుడివైపు వివరణ చదవకుండా డిలీట్ నొక్కవద్దు.

ఫిల్టర్లు తీసేశాక ఐట్యూన్స్ వంటివి తమ సీడీ రాసే డ్రైవర్లు కనబడడం లేదని ఫిర్యాదు చేస్తాయి. ఆ ప్రోగ్రామ్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే సర్దుకుంటుంది. విండోస్ 11లో మెమరీ ఇంటిగ్రిటీ అనే రక్షణ కూడా ఇలాంటి కాలం చెల్లిన ఫిల్టర్లను అడ్డుకుంటుంది. చాలామంది ఆ రక్షణనే ఆపేయమని సలహా ఇస్తారు, నేను ఇవ్వను. ఆపాల్సింది, తీసేయాల్సింది పదిహేనేళ్ల నాటి రైటింగ్ సాఫ్ట్‌వేర్‌ను.

కమాండ్ ప్రాంప్ట్‌లో ‘ఏటాపీ’, ‘కంట్రోలర్0’, ‘ఎన్యుమ్‌డివైస్1’ అన్న మాటలున్న ఆదేశం కొడితే సరిపోతుందని విన్నాను. చేయవచ్చా?

అది మదర్‌బోర్డుకు నేరుగా బిగించిన డ్రైవ్‌ల కోసం ఉద్దేశించినది. యూఎస్‌బీ రైటర్ ఆ దారిలో రాదు కాబట్టి దానివల్ల మీకు ఒరిగేదేమీ లేదు.

నా రైటర్ పెన్‌డ్రైవ్‌లా ‘రిమూవబుల్ డిస్క్’ అని కనిపిస్తోంది. డిస్కులోని ఫైళ్లు తెరుచుకుంటున్నాయి గానీ రాయడానికి వీలు లేదు. ఇదేం వింత?

ఇది నిజంగా పరికరం చెబుతున్న అబద్ధం, కావాలని నేర్పించిన అబద్ధం. టీవీలకు పెన్‌డ్రైవ్ చదవడం తెలుసు, డీవీడీ డ్రైవ్ తెలియదు. అందుకని కొన్ని స్లిమ్ రైటర్లలో టీవీ మోడ్ లేదా ఏవీ మోడ్ పెట్టారు. ఆ మోడ్‌లో రైటర్ ఇంక్వైరీకి 5 అని చెప్పాల్సిన చోట 0 అని చెప్పి, లోపలి డిస్కును ఒక పెన్‌డ్రైవ్‌లా చూపిస్తుంది. టీవీ దాన్ని నమ్మి సినిమా ఆడిస్తుంది. కంప్యూటర్ కూడా అంతే అమాయకంగా నమ్ముతుంది. శాంసంగ్ ఎస్ఈ-208 వరుసలోని రైటర్లలో ఈ సదుపాయం ఉండేది.

ఇంట్లో ఎవరో టీవీకి తగిలించి వాడి, మోడ్ మార్చకుండా సొరుగులో పడేసి ఉంటారు. మామూలుగా ఎజెక్ట్ బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే మోడ్ మారుతుంది. ఎంత సేపు, డిస్కు ఉంచా తీసా అన్నది మోడల్‌ను బట్టి మారుతుంది కాబట్టి మీ మోడల్ మాన్యువల్ చూసి చేయండి. మారాక కేబుల్ పీకి తగిలిస్తే, డివైస్ మేనేజర్‌లో ‘డిస్క్ డ్రైవ్స్’ కింది నుంచి లేచి తన సొంత శీర్షిక కిందికి వెళ్తుంది.

దీనికి సరిగ్గా తిరగేసిన ఉదాహరణ ఒకప్పుడు అందరి ఇళ్లలోనూ ఉండేది. ఇంటర్నెట్ డేటా కార్డును తగిలిస్తే ముందు సీడీ డ్రైవ్‌లా కనబడి, తనలోని సాఫ్ట్‌వేర్‌ను ఇన్‌స్టాల్ చేయించుకుని, ఆ తర్వాతే మోడెమ్‌గా మారేది. సీడీ డ్రైవ్ ఒకటి అదనంగా కనబడుతోందని అడిగేవారు ముందు పక్కనున్న డాంగిల్ పీకి చూడాలి.

‘డీవీడీ డ్రైవ్’ అని చక్కగా కనబడుతోంది, కానీ రాసే ఆప్షన్ రావడం లేదు. కారణాలేమిటి?

ముందు మీరు చూస్తున్నది మీ రైటరేనా అని తేల్చుకోండి. విండోస్ 8 నుంచి ఐఎస్‌ఓ ఫైలు (ఒక డిస్కు మొత్తాన్ని ఒకే ఫైలుగా దాచినది) మీద డబుల్ క్లిక్ చేస్తే అది ఒక డీవీడీ డ్రైవ్‌గా మౌంట్ అవుతుంది. దానికి సొంత అక్షరం కూడా వస్తుంది. దాన్నే తమ రైటర్ అనుకుని గంటల తరబడి కుస్తీ పట్టినవారున్నారు. రైట్ క్లిక్ చేసి ఎజెక్ట్ అంటే అది మాయమవుతుంది, అసలు రైటర్ ఎజెక్ట్ అంటే ట్రే బయటికి వస్తుంది. ఇంతకన్నా తేలికైన పరీక్ష లేదు.

రెండోది, డ్రైవ్ నిజంగానే డీవీడీ రాయలేనిదై ఉండవచ్చు. కాంబో డ్రైవ్ అని ఒకప్పుడు వచ్చేవి. అవి డీవీడీలను చదువుతాయి, సీడీలను మాత్రమే రాస్తాయి. పాత ల్యాప్‌టాప్ నుంచి ఊడదీసిన డ్రైవ్‌ను యూఎస్‌బీ పెట్టెలో పెట్టించుకున్నవారు మోడల్ పేరును ఒకసారి సరిచూసుకోవాలి.

మూడోది ఆఫీసు కంప్యూటర్లలో. సమాచారం బయటికి పోకుండా గ్రూప్ పాలసీలో సీడీ, డీవీడీల మీద రాయడాన్ని నిషేధించే వీలుంది. అప్పుడు డ్రైవ్ కనబడుతుంది, చదువుతుంది, రాయడం ఒక్కటే ఉండదు. అది లోపం కాదు, ఎవరో తీసుకున్న నిర్ణయం. సిస్టమ్ అడ్మిన్‌ను అడగడమే మర్యాద.

కొన్ని ఫొటో స్టూడియోల్లో ఎక్స్‌పీ యంత్రాలు ఇంకా తిరుగుతున్నాయి కనుక ఒక మాట. ఎక్స్‌పీ తనంతట తాను సీడీలను మాత్రమే రాయగలదు, డీవీడీలకు వేరే సాఫ్ట్‌వేర్ కావాలి. డ్రైవ్ ప్రాపర్టీస్‌లో రికార్డింగ్ ట్యాబే కనబడకపోతే, రిజిస్ట్రీలో కరెంట్ యూజర్ కింద ఎక్స్‌ప్లోరర్, ‘సీడీ బర్నింగ్’, ‘డ్రైవ్స్’ లోపల ‘డ్రైవ్ టైప్’ విలువ చూడండి. 1 అంటే సీడీ-ఆర్ రాసేది, 2 అంటే సీడీ-ఆర్‌డబ్ల్యూ రాసేది, 3 అంటే రాయలేనిది. రైటర్‌కు 3 పడి ఉంటే దాన్ని 2 చేయాలి.

సీడీలన్నీ చదువుతుంది, డీవీడీ పెడితే ‘డిస్క్ పెట్టండి’ అంటుంది. ఆపరేటింగ్ సిస్టమ్ పొరపాటేనా?

ఆపరేటింగ్ సిస్టమ్‌ను అనుమానించడం మానేయవచ్చు. సీడీని చదివే లేజర్ 780 నానోమీటర్లది, డీవీడీది 650, బ్లూ-రేది 405. ఒకే లెన్సు గుండా వచ్చినా వేర్వేరు లేజర్లు కాబట్టి ఒకటి చచ్చిపోయి రెండోది బతికే ఉండడం సర్వసాధారణం. రైటర్ తనను తాను డీవీడీ రైటర్‌గానే పరిచయం చేసుకుంటుంది, ఎందుకంటే అది ఫర్మ్‌వేర్‌లో రాసి ఉన్న మాట. కంటిచూపు పోయిందన్న సంగతి దానికి తెలియదు. లెన్సును మెత్తని పొడి కాటన్ బడ్‌తో ఒత్తిడి లేకుండా తుడిచి చూడండి. రెండు మూడు కంపెనీల ఖాళీ డిస్కులు మార్చి చూడండి. అన్ని డీవీడీలకూ అదే జవాబైతే లేజర్ అయిపోయినట్టే.

డిస్కు కూడా తన గురించి తప్పు చెప్పగలదు. పాత ప్లేయర్లు ఒప్పుకోవాలని డీవీడీ+ఆర్ డిస్కు మీద బుక్ టైప్‌ను (డిస్కు తాను ఏ రకమో చెప్పే గుర్తును) డీవీడీ-రోమ్‌గా మార్చి రాసే పద్ధతి ఉంది. అలాంటి డిస్కు ఇంట్లో రాసిందే అయినా కంప్యూటర్‌లో డీవీడీ-రోమ్ అని కనబడుతుంది. దిగులుపడాల్సిన పని లేదు.

డివైస్ మేనేజర్‌లో ఉంది, ‘దిస్ పీసీ’లో లేదు. ఎలా?

డ్రైవ్ అక్షరం దొరకలేదు. డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిస్తే అడుగున సీడీ-రోమ్ అన్న వరుస కనబడుతుంది. దాని మీద రైట్ క్లిక్ చేసి డ్రైవ్ లెటర్ ఇవ్వండి. ఆఫీసు నెట్‌వర్క్ ఫోల్డర్‌ను మ్యాప్ చేసి అదే అక్షరం ఇచ్చి ఉంటే రెండూ ఢీకొంటాయి, అందుకని అక్షరమాల చివరి నుంచి ఒకటి ఎంచుకోవడం మేలు.

మ్యాక్‌బుక్‌కు తగిలిస్తే ఏమీ కనబడడం లేదు. గుర్తించలేదా?

ఖాళీ డ్రైవ్‌ను ఫైండర్ చూపించదు. అది దాని పద్ధతి. డిస్కు పెట్టాకే బొమ్మ వస్తుంది. గుర్తించిందో లేదో తెలియాలంటే సిస్టమ్ ఇన్ఫర్మేషన్‌లో ‘డిస్క్ బర్నింగ్’ విభాగం చూడండి, అక్కడ రైటర్ పేరూ, అది రాయగల డిస్కుల రకాలూ ఉంటాయి. ఆపిల్ సొంత చిప్ ఉన్న ల్యాప్‌టాప్‌లలో, మ్యాక్ఓఎస్ వెంచురా నుంచి, కొత్త యూఎస్‌బీ పరికరాన్ని తగిలించినప్పుడు అనుమతి అడిగే చిన్న పెట్టె వస్తుంది. దాన్ని చూడకుండా మూసేసినవారికి డ్రైవ్‌లో లైటు వెలుగుతూనే ఉంటుంది, జాబితాలో మాత్రం ఏమీ రాదు.

ఆపిల్ యూఎస్‌బీ సూపర్‌డ్రైవ్‌ది మరో కథ. 2008లో మ్యాక్‌బుక్ ఎయిర్‌తో పాటు వచ్చిన ఈ రైటర్‌ను మామూలు విండోస్ లేదా లినక్స్ కంప్యూటర్‌కు తగిలిస్తే పేరు చక్కగా వస్తుంది, డిస్కును మాత్రం లోపలికి తీసుకోదు. పాడైందనుకుని అమ్మేసినవారున్నారు. ఆపిల్ కంప్యూటర్ పంపే ఒక ప్రత్యేక ఆదేశం అందేదాకా అది నిద్రలోనే ఉంటుంది. విండోస్‌లో బూట్ క్యాంప్ డ్రైవర్ ఆ పని చేస్తుంది. లినక్స్‌లో ‘ఎస్‌జీ రా’ అనే ఉపకరణంతో ఈఏ, ఆ వెనక ఐదు సున్నా బైట్లు, చివర 01, మొత్తం ఏడు బైట్లు పంపితే డిస్కు చప్పున లోపలికి వెళ్తుంది.

లినక్స్‌లో ఎలా తేల్చుకోవాలి?

నిజానికి ఈ జబ్బుకు లినక్స్ మంచి డాక్టరు. విండోస్‌తో విసిగినప్పుడు ఉబుంటు పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి అదే రైటర్‌ను అదే పోర్టుకు తగిలించి చూస్తాను. అక్కడ సరిగా కనబడితే తప్పు విండోస్‌ది, అక్కడా కనబడకపోతే వస్తువుది. కెర్నల్ (లినక్స్ గుండెకాయ) సందేశాల్లో ‘ఎస్ఆర్0’ అన్న పేరు పక్కన వేగంతో పాటు ‘రైటర్’ అన్న మాట కనబడాలి. ఆ మాట లేకుండా ‘ఎస్‌డీబీ’ వంటి పేరు వస్తే అది డిస్కుగా పరిచయం చేసుకుందన్నమాట. ‘ప్రాక్’ డైరెక్టరీలో ‘సిస్’, ‘డెవ్’, ‘సీడీరోమ్’ లోపలున్న ‘ఇన్ఫో’ ఫైలులో సీడీ-ఆర్ రాయగలదా, డీవీడీ-ఆర్ రాయగలదా అన్న ప్రశ్నల ఎదుట 1 లేదా 0 ఉంటుంది. అక్కడ 1 ఉన్నా రాయడానికి అనుమతి లేదంటే, మీ యూజర్ డెబియన్, ఉబుంటుల్లో ‘సీడీరోమ్’ గ్రూపులో, ఆర్చ్‌లో ‘ఆప్టికల్’ గ్రూపులో ఉన్నారో లేదో చూసుకోండి.

వర్చువల్‌బాక్స్ లోపలి విండోస్‌లో రైటర్ పేరు ‘వీబాక్స్ సీడీ-రోమ్’ అని వస్తోంది.

వర్చువల్‌బాక్స్ అంటే కంప్యూటర్ లోపల మరో కంప్యూటర్‌ను నడిపే ప్రోగ్రామ్. ఆ వర్చువల్ యంత్రానికి అసలు రైటర్ అందలేదు, బొమ్మ డ్రైవ్ మాత్రమే అందింది. స్టోరేజ్ సెట్టింగ్‌లో పాస్‌త్రూ టిక్ చేయండి, లేదా యూఎస్‌బీ పరికరంగా నేరుగా అప్పగించండి.

అమెరికా నుంచి మా అబ్బాయి తెచ్చిన రైటర్ ఇక్కడ కొన్న సినిమా డీవీడీని వద్దంటోంది. ఇదీ గుర్తింపు సమస్యేనా?

కాదండీ, ఇది రీజియన్ సమస్య. సినిమా డిస్కులను ప్రాంతాల వారీగా అమ్మడానికి పెట్టిన సంఖ్య అది. అమెరికాది 1, భారతదేశానిది 5. డ్రైవ్‌లో రీజియన్‌ను ఐదుసార్లు మాత్రమే మార్చుకోవచ్చు, ఐదోసారి పెట్టిందే శాశ్వతం. ఇంట్లో రాసుకున్న డిస్కులకు రీజియన్ ఉండదు కాబట్టి పెళ్లి వీడియో ఎక్కడైనా తెరుచుకుంటుంది.

ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేస్తే సరిపోతుందా?

అరుదుగా. కొత్త రకం ఖాళీ డిస్కులను పోల్చుకోవడానికి అది పనికొస్తుంది గానీ, పేరు తప్పుగా రావడానికి మందు కాదు. పైగా దగ్గరి మోడల్ కదా అని వేరేదాని ఫర్మ్‌వేర్ ఎక్కిస్తే ఇంక్వైరీకి ఇచ్చే పేరే మారిపోతుంది. అప్పుడు నిజంగానే తప్పుగా గుర్తించబడే రైటర్ ఒకటి మీ చేతుల మీదుగా తయారవుతుంది. కొన్ని అప్‌డేట్లను బ్రిడ్జ్ చిప్ దాటనివ్వదు కూడా.

అన్నీ చేశాను. కొత్తది కొనాల్సిందేనా?

మొత్తం కొనాల్సిన పని లేకపోవచ్చు. మరో కంప్యూటర్‌లో కూడా ‘అన్‌నోన్ డివైస్’ అనే వస్తుంటే, లోపలి డ్రైవ్ కన్నా ముందు బ్రిడ్జ్ బోర్డును అనుమానించండి. వారంటీ తీరిపోయి ఉంటే పెట్టె అడుగున రబ్బరు కాళ్ల కింద దాగిన స్క్రూలు విప్పి లోపలి స్లిమ్ డ్రైవ్‌ను బయటికి తీయవచ్చు. అది ఏ పాత ల్యాప్‌టాప్ ట్రేలోనైనా పెడితే పనిచేసిందంటే, మీకు కావలసింది ఖాళీ యూఎస్‌బీ పెట్టె మాత్రమే. కొనేముందు డ్రైవ్ మందం కొలవండి: 12.7 మిల్లీమీటర్లవీ, 9.5 మిల్లీమీటర్లవీ అని రెండు రకాలు ఎక్కువగా దొరుకుతాయి, ఒకదాని పెట్టెలో మరొకటి సరిగా కూర్చోదు. పాత పెట్టె ముందు ఉండే ప్లాస్టిక్ మూతను జాగ్రత్తగా ఊడదీసి దాచండి, కొత్త పెట్టెతో అది రాకపోవచ్చు.